సర్జరీ పీజీ ఎన్ని గంటలు పనిచేయాలి? 48, 74 అంకెల వెనక ఉన్న అసలు చిక్కు

మన దేశంలో పీజీ వైద్య విద్యార్థి వారానికి ఎన్ని గంటలు పనిచేయాలి అని అడిగితే మూడు జవాబులు దొరుకుతాయి. మూడూ ప్రభుత్వ కాగితాల మీద ఉన్నవే. 1992 నాటి కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు 48 గంటలు అంటుంది. 2023 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) తెచ్చిన పీజీ నిబంధనలు అంకె చెప్పకుండా ‘సముచితమైన పనివేళలు’ అని ఊరుకుంటాయి. 2024లో అదే కమిషన్ నియమించిన కార్యదళం 74 గంటలు దాటకూడదని సిఫార్సు చేసింది. సర్జరీ యూనిట్లో కొత్తగా చేరిన ఫస్ట్ ఇయర్ పీజీని అడిగితే నాలుగో జవాబు వస్తుంది. అది ఏ కాగితం మీదా ఉండదు.

2024 ఆగస్టులో కోల్‌కతాలోని ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో సుదీర్ఘ డ్యూటీ మధ్యలో సెమినార్ గదిలో విశ్రాంతి తీసుకుంటున్న పీజీ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాక దేశమంతా ఈ ప్రశ్న అడిగింది. డ్యూటీ డాక్టర్ నడుం వాల్చడానికి గది ఎందుకు లేదు, అంత సుదీర్ఘమైన డ్యూటీ ఎందుకు పడింది అన్నవి భద్రతతో పాటు చర్చకు వచ్చాయి. అంతకు ఏడాదిన్నర ముందు, 2023 ఫిబ్రవరిలో, వరంగల్‌లో ఒక పీజీ విద్యార్థిని మరణం, సీనియర్ వేధింపుల ఆరోపణలు తెలుగు రాష్ట్రాలను కుదిపేశాయి. ఒకచోట పనివేళలు, మరోచోట మనుషుల ప్రవర్తన. ఈ రెంటినీ కలిపి ‘డాక్టర్ల ఒత్తిడి’ అని ఒకే మాటలో చుట్టేయడం వల్లే చర్చ ముందుకు సాగడం లేదని నాకు అనిపిస్తుంది. అందుకే సర్జరీ విభాగాన్నే ఉదాహరణగా తీసుకుని ముడులు ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

యూనిట్ అంటే ఏమిటి, అందులో ఎవరు ఎవరి కింద

ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ సర్జరీ విభాగం యూనిట్లుగా పనిచేస్తుంది. ప్రతి యూనిట్‌కూ ఒక చీఫ్, సాధారణంగా ప్రొఫెసర్, ఉంటారు. ఆ కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్లు (పీజీ ముగించినవాళ్లు), తర్వాత మూడేళ్ల పీజీలు, వాళ్ల కింద హౌస్ సర్జన్లు. అందరికన్నా వెనక వరసలో, రోగి మంచానికి కాస్త దూరంగా, క్లినికల్ పోస్టింగులకు వచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థులు నిలబడి ఉంటారు. యూనిట్‌కు ఓపీ రోజులు, ఆపరేషన్ రోజులు, అడ్మిషన్ రోజు వేర్వేరుగా ఉంటాయి. అడ్మిషన్ రోజున క్యాజువాలిటీకి వచ్చే పగిలిన అపెండిక్స్, కత్తిపోటు, రోడ్డు ప్రమాదం అన్నీ ఆ యూనిట్ ఖాతాలోకే చేరతాయి.

పీజీకి ఈ చీఫ్ ఎవరు? గురువు, పై అధికారి, చాలాసార్లు థీసిస్ గైడ్ కూడా. చివరి పరీక్షలో అంతర్గత పరీక్షకుడూ కావచ్చు. సెలవు ఇవ్వాలన్నా, ఆపరేషన్ టేబుల్ దగ్గర కత్తి చేతికివ్వాలన్నా మాట ఆయనదే. మామూలు ఉద్యోగంలో పై అధికారితో పొసగకపోతే మనిషి వేరే ఉద్యోగం వెతుక్కుంటాడు. పీజీకి ఆ దారి లేదు. మధ్యలో సీటు వదిలితే చాలా రాష్ట్రాల్లో లక్షల రూపాయల బాండు కట్టాలి. ఈ నిబంధన తీసేయాలని ఎన్ఎంసీయే 2024 జనవరిలో రాష్ట్రాలను కోరింది.

ఈ ఏర్పాటు మనది కాదు. 1889లో ప్రారంభమైన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ రూపొందించిన శిక్షణ పద్ధతికి ఇది దూరపు వారసురాలు. శిక్షణలో ఉన్నవాళ్లు ఆసుపత్రిలోనే నివసించాలి, ఏళ్ల తరబడి అంచెలంచెలుగా బాధ్యత పెరగాలి అన్నది ఆయన పద్ధతి. హాల్‌స్టెడ్ గొప్ప సర్జన్. అదే సమయంలో, స్థానిక మత్తు పరిశోధనల్లో కొకైన్‌ను తన మీద తానే ప్రయోగించుకుని దానికి బానిసై, తర్వాత మార్ఫిన్ వాడకంతో బతికినవాడు. అలుపెరగని సర్జన్ అనే ఆదర్శానికి మూలపురుషుడైన మనిషి ఆరోగ్యం అది. వార్షికోత్సవ ప్రసంగాల్లో ఈ సంగతి సాధారణంగా రాదు.

ఒక వారాన్ని లెక్కగడితే

ఒక ఊహాజనితమైన పీజీ వారాన్ని వేసి చూద్దాం. సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 7కు ప్రీ-రౌండ్స్‌తో మొదలై రాత్రి 7కు ముగిస్తే రోజుకు 12 చొప్పున ఆరు రోజులకు 72 గంటలు. మంగళవారం అడ్మిషన్ డే. ఆ రాత్రి 7 నుంచి బుధవారం ఉదయం 7 వరకు మరో 12. మొత్తం 84. ఆదివారం ఉదయం రౌండ్స్, డ్రెస్సింగులు 4 గంటలు. మొత్తం 88.

ఈ లెక్కలో అసాధారణమైన సంఘటన ఏదీ కలపలేదు. మరో రాత్రి ఎమర్జెన్సీకి పిలుపు రాలేదు, సహపీజీ జ్వరంతో పడుకోలేదు, థీసిస్ రాసుకోలేదు. అయినా మంగళవారం ఉదయం 7కు డ్యూటీ ఎక్కిన మనిషి బుధవారం రాత్రి 7కు దిగుతున్నారు. నిరంతరంగా 36 గంటలు. వార్తల్లో తరచూ కనిపించే ‘36 గంటల డ్యూటీ’ ఇలాగే వస్తుంది. ఎవరో పగబట్టి వేసింది కాదు. పగటి డ్యూటీకి రాత్రి డ్యూటీ, దానికి మర్నాటి పగటి డ్యూటీ అతుక్కోవడం వల్ల వచ్చింది.

కార్యదళం చెప్పిన 74 ఎలా వచ్చిందో ఇప్పుడు చూడండి. వారానికి ఒక 24 గంటల డ్యూటీ, మిగతా ఐదు రోజులు పదేసి గంటలు, ఒకరోజు పూర్తి సెలవు. 24కు 50 కలిపితే 74. వారానికి ఒకసారి 24 గంటలు పనిచేయడం తప్పదని ఒప్పుకుని వేసిన లెక్క ఇది. కొందరు దీన్ని ఆచరణ తెలిసిన సిఫార్సు అంటున్నారు. 1992లోనే 48 గంటలు ఉన్నప్పుడు 32 ఏళ్ల తర్వాత 74కు ఒప్పుకోవడం వెనకడుగు అని రెసిడెంట్ల (శిక్షణలో ఉన్న డాక్టర్ల) వైపు నుంచి అభ్యంతరం. రెండు వాదనల్లోనూ పస ఉంది. అయితే 1992 ఉత్తర్వును పూర్తిగా చదివితే 48 గంటల పక్కనే ఒక షరతు కనిపిస్తుంది. పనిభారం, డాక్టర్ల లభ్యతను బట్టి వేళలను మెడికల్ సూపరింటెండెంట్ సడలించుకోవచ్చు. ఆచరణలో ఆ షరతే నియమమైంది, 48 అలంకారంగా మిగిలింది.

మన ఊహాజనిత పీజీ 88 నుంచి 74కు దిగితే 14 గంటలు మిగులుతాయి. యూనిట్లో ఆరుగురు పీజీలుంటే 84 గంటలు. అంటే ఒక పూర్తి మనిషి వారం పనికన్నా ఎక్కువ. ఆ పని మాయమవదు. డ్రెస్సింగులు మార్చాలి, రక్తనిధికి వెళ్లాలి, స్కాన్ రిపోర్టు తెచ్చుకోవాలి, ఆరోగ్యశ్రీ కేసు కాగితాలు నింపాలి. అది ఎవరు చేయాలన్నది ఏ సిఫార్సుకైనా ఎదురయ్యే మొదటి ప్రశ్న.

బర్నౌట్ అంటే అలసట ఒక్కటే కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను జబ్బుగా చేర్చలేదు. ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా పేర్కొంది. దానికి మూడు ముఖాలున్నాయి: శక్తి ఇంకిపోవడం, పని పట్ల విముఖత లేదా వెటకార ధోరణి పెరగడం, తాను పనికొస్తున్నానన్న నమ్మకం తగ్గడం. సర్జరీలో రెండో ముఖమే ప్రమాదకరం. రోగిని పేరుతో కాక ‘14వ బెడ్ హెర్నియా’ అని మాత్రమే చూడటం మొదలైనప్పుడు, ఆయాసపడుతున్న మనిషి ముఖం కన్నా కేసు షీటే ముందు కనబడుతుంది.

బర్నౌట్ వేరు, డిప్రెషన్ వేరు. మొదటిది పనిచోటికి ముడిపడినది. సెలవులో కొంత తేలికపడవచ్చు. రెండోది జబ్బు, దానికి చికిత్స ఉంది. ఒకటి ఇంకొకదానిలోకి జారవచ్చు కాబట్టే రెంటినీ కలిపేయకూడదు. డిప్రెషన్‌లో ఉన్న పీజీకి రెండు రోజుల సెలవు ఇచ్చి సరిపెట్టడం ఎంత తప్పో, 36 గంటలు పనిచేసి కుంగిన పీజీని మానసిక వైద్యుడి దగ్గరకు పంపి డ్యూటీ చార్టును అలాగే ఉంచడం అంతే తప్పు.

ఎన్ఎంసీ కార్యదళం 2024లో చేసిన ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు, 7,035 మంది అధ్యాపకులు పాల్గొన్నారు. పీజీల్లో దాదాపు 45 శాతం మంది వారానికి 60 గంటలకు మించి పనిచేస్తున్నామన్నారు. సగానికి పైగా వారాంతపు సెలవు క్రమంగా దొరకడం లేదన్నారు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని చెప్పిన పీజీలు 31.2 శాతం. ఇష్టపడి జవాబిచ్చినవాళ్ల సర్వే కాబట్టి బాధలో ఉన్నవాళ్లే ఎక్కువగా నింపి ఉండవచ్చు. ఆ అవకాశాన్ని గుర్తుంచుకున్నా అది చిన్న అంకె కాదు. ఎన్ఎంసీ సమాచార హక్కు కింద వెల్లడించిన వివరాల ప్రకారం అయిదేళ్లలో 122 మంది వైద్య విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 58 మంది పీజీలు. అదే కాలంలో 1,117 మంది పీజీ సీటు మధ్యలో వదిలేశారు. జనరల్ సర్జరీ వదిలినవారే 160 మంది, ఆర్థోపెడిక్స్ వదిలినవారు 124 మంది. ఇంతకన్నా ఇష్టమైన సీటు దొరికి మానినవాళ్లూ ఇందులో ఉండవచ్చు. కానీ కత్తి పట్టే కోర్సులే జాబితా పైన ఉండటం గమనించాల్సిందే. (ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్ లైను 14416కు పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడవచ్చు.)

నిద్ర గురించి రుజువులు రెండు వైపులా ఉన్నాయి

1984లో న్యూయార్క్‌లో లిబీ జయాన్ అనే 18 ఏళ్ల యువతి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే మరణించింది. అప్పటికే వాడుతున్న మందుకు పొసగని మరో మందు ఇచ్చారు. ఆమెను చూసినవాళ్లు సుదీర్ఘ డ్యూటీల్లో ఉన్న జూనియర్ డాక్టర్లు. తండ్రి పాత్రికేయుడు, విషయాన్ని వదల్లేదు. ఫలితంగా 1989లో న్యూయార్క్ రాష్ట్రం వారానికి 80 గంటలు, ఏకబిగిన 24 గంటలు అనే పరిమితి తెచ్చింది. 2003లో అమెరికా అంతటా 80 గంటల నియమం వచ్చింది. ఇది నాలుగు వారాల సగటు, ఏ ఒక్క వారానికో కాదు. ఐరోపాలో అయితే 48 గంటలే.

నిద్రలేమి మెదడును మందగింపజేస్తుందనడంలో వివాదం లేదు. 24 గంటలు మేల్కొన్న మనిషి పనితీరు, రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుకు దగ్గరగా ఉంటుందని 1997లో ఒక ప్రయోగం చూపింది. మన దేశంలో వాహనం నడపడానికి అనుమతించే పరిమితి 0.03. 2004లో ఇంటెన్సివ్ కేర్‌లో జరిగిన అధ్యయనంలో, సుదీర్ఘ డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు తక్కువ గంటల డ్యూటీలో ఉన్నప్పటికన్నా 36 శాతం ఎక్కువ తీవ్రమైన తప్పులు చేశారు. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనం, సుదీర్ఘ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లకు వాహన ప్రమాదం జరిగే అవకాశం రెండింతలు దాటుతుందని తేల్చింది.

ఇక్కడితో ఆగితే కథ సులువు. కానీ సర్జరీలోనే జరిగిన అతిపెద్ద ప్రయోగం దీన్ని చిక్కు చేసింది. 2014–15లో అమెరికాలో 117 సర్జరీ శిక్షణ కార్యక్రమాలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. రెంటికీ వారానికి 80 గంటల గరిష్ఠ పరిమితి ఉంది. అయితే ఒక జట్టుకు షిఫ్టు ఎంతసేపు ఉండాలి, మధ్యలో ఎంత విరామం అనే నియమాలు కఠినంగా ఉంచారు, మరో జట్టుకు సడలించారు. దాదాపు 1,38,700 మంది రోగుల ఫలితాలు చూస్తే మరణాలు, తీవ్రమైన సమస్యలు రెండు జట్లలోనూ ఇంచుమించు సమానం: సడలించిన జట్టులో 9.1 శాతం, కఠిన నియమాల జట్టులో 9.0 శాతం. రెసిడెంట్లు చదువు విషయంలో సంతృప్తిగానే ఉన్నారు. అయితే సడలించిన జట్టులో కుటుంబానికి, విశ్రాంతికి, సొంత ఆరోగ్యానికి సమయం చాలడం లేదన్నవారు ఎక్కువ.

సీనియర్ సర్జన్ల మీద కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనమూ ఇలాంటిదే. అర్ధరాత్రి దాటాక పనిచేసి, మర్నాడు పగలు ముందే నిర్ణయించిన ఆపరేషన్ చేసినా రోగుల ఫలితాల్లో తేడా కనిపించలేదు.

ఈ రెండు ఫలితాలనూ ‘చూశారా, నిద్ర లేకపోయినా ఏమీ కాదు’ అని చెప్పడానికి వాడేవాళ్లున్నారు. అవి చెప్పింది అది కాదు. అనుభవజ్ఞుడైన సర్జన్ బాగా అలిసిపోతే ఆపరేషన్ వాయిదా వేసుకోగలడు, మరొకరికి అప్పగించగలడు. ఆ స్వేచ్ఛ ఫస్ట్ ఇయర్ పీజీకి లేదు. అమెరికా ప్రయోగంలో అసలు గరిష్ఠ పరిమితే 80 గంటలు. మన 88 గంటల వారం ఆ ప్రయోగంలోని ‘సడలించిన’ జట్టులోకి కూడా రాదు.

డ్యూటీ మారేచోట జారిపోయేవి

షిఫ్టులు చిన్నవైతే ఒక రోగి ఎక్కువ మంది చేతులు మారతాడు. పాతతరం సర్జన్ల అభ్యంతరాల్లో బలమైనది ఇదే. రాత్రి 8కి ఒక పీజీ మరొకరికి వార్డు అప్పగిస్తున్నారనుకోండి. పేగుకు రంధ్రం పడి నిన్న ఆపరేషన్ అయిన రోగి గురించి ‘స్టేబుల్, డ్రెయిన్ ఉంది’ అని చెప్పి వెళ్లిపోయారు. మధ్యాహ్నం నుంచి నాడి వేగం 90 నుంచి 110కి పెరగడం, డ్రెయిన్‌లో, అంటే కడుపులోంచి ద్రవాన్ని బయటికి తీసే గొట్టంలో, వచ్చే ద్రవం రంగు మారడం పగలంతా పక్కనే ఉన్న మనిషికి తెలుసు, కాగితం మీద లేదు. రాత్రి పీజీ తెల్లవారుజామున వెళ్లి చూసేసరికి రోగికి బీపీ పడిపోయి ఉంటుంది. అదే మనిషి రాత్రంతా ఉండి ఉంటే ముందే పసిగట్టేవారేమో. లేదా 22 గంటల మెలకువలో గమనించకుండా పోయేవారేమో.

దీనికి మధ్యేమార్గం ఉంది. రోగి తీవ్రత, ఇప్పటిదాకా జరిగింది, చేయాల్సిన పనులు, ఏమైనా జరిగితే ఏం చేయాలో, విన్నవారు తిరిగి చెప్పడం — ఈ క్రమంలో అప్పగింతలు జరిపే పద్ధతిని అమెరికా, కెనడాల్లోని తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో ప్రవేశపెడితే వైద్య తప్పిదాలు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. 2014లో ప్రచురితమైన ఫలితం ఇది. ఖర్చు తక్కువ, యంత్రాలు అక్కర్లేదు. కావలసిందల్లా రెండు షిఫ్టులూ అరగంట కలిసి ఉండటం, ఆ అరగంటను పనిగా గుర్తించడం.

గంటలు తగ్గించినా తగ్గనిది

నా దృష్టిలో ఈ వ్యవహారంలో అసలు మలుపు 2019లో వచ్చింది. అమెరికాలోని 262 శిక్షణ కార్యక్రమాల్లో 7,409 మంది సర్జరీ రెసిడెంట్లను అడిగిన సర్వేలో 38.5 శాతం మందికి వారానికోసారైనా బర్నౌట్ లక్షణాలున్నాయి. తిట్లు లేదా భౌతిక దాడి ఎదుర్కొన్నామన్నవారు 30 శాతం. మహిళల్లో 65 శాతం మంది లింగ వివక్షను చూశారు. పురుషులకన్నా మహిళల్లో బర్నౌట్ ఎక్కువ: 42.4 శాతం, 35.9 శాతం. అయితే వేధింపుల తేడాను లెక్కలోకి తీసుకుని మళ్లీ పోల్చితే ఆ అంతరం మాయమైంది. ‘ఆడవాళ్లు సర్జరీ తట్టుకోలేరు’ అని మన దగ్గర కూడా వినిపించే మాటకు ఇంతకన్నా సూటి జవాబు అక్కర్లేదు. తట్టుకోలేకపోయింది సర్జరీని కాదు, అక్కడ ఎదురైన ప్రవర్తనను. తిట్లు, దుష్ప్రవర్తన ఎవరి నుంచి ఎక్కువగా వచ్చాయంటే పర్యవేక్షించే సర్జన్ల నుంచే. దాదాపు సగం ఫిర్యాదులు వాళ్లమీదే.

మన దేశంలో ర్యాగింగ్ అనగానే సీనియర్ విద్యార్థి గుర్తొస్తాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఎన్ఎంసీ 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి చూపు ప్రధానంగా విద్యార్థికి, విద్యార్థికి మధ్య జరిగేదాని మీదే. ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) అందరి ముందు పరికరం విసిరేయడం, రోగి ఎదుట పీజీని తిట్టడం, థీసిస్ మీద సంతకం నెలల తరబడి తొక్కిపెట్టడం ఇవన్నీ ‘క్రమశిక్షణ’ ఖాతాలోకి పోతాయి. పైగా ఎవరికి ఫిర్యాదు చేయాలి? కమిటీలో కూర్చునేది చాలాసార్లు అదే కాలేజీ ప్రొఫెసర్లు, అంటే ఆ సర్జన్ సహోద్యోగులే.

సర్జన్ల వైపు మాట కూడా వినాలి. టేబుల్ మీద రక్తం చిమ్ముతున్నప్పుడు ‘దయచేసి, కాస్త ఆ క్లాంప్ అందిస్తారా’ అని అడిగే తీరిక ఉండదు. గొంతు పెరగడం, అవమానించడం ఒకటి కావు. ఆ క్షణంలో కటువుగా అన్న మాటను తర్వాత కూర్చోబెట్టి వివరించే గురువులు ఉన్నారు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆ కటువుదనాన్ని గుర్తు కూడా పెట్టుకోరు. రోజువారీ అవమానాన్ని అత్యవసర స్థితి పేరుతో సమర్థించుకోవడమే చిక్కు.

పై మెట్టు మీదున్న సర్జన్‌కు ఏమవుతోంది

ఇంతవరకు పీజీ వైపు నుంచి చూశాం. 2010లో ప్రచురితమైన సర్వేలో 7,905 మంది అమెరికన్ సర్జన్లు జవాబిచ్చారు. గత మూడు నెలల్లో పెద్ద తప్పు చేశామని 8.9 శాతం మంది ఒప్పుకున్నారు. దేనితో ఆ తప్పులకు సంబంధం కనిపించిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పనిగంటలతో, రాత్రి డ్యూటీల సంఖ్యతో విడిగా సంబంధం తేలలేదు. బర్నౌట్‌తో తేలింది. రోగుల పట్ల యాంత్రిక ధోరణి కొలమానంలో ఒక్కో పాయింటు పెరిగేకొద్దీ తప్పు చేశామని చెప్పే అవకాశం 11 శాతం పెరిగింది. బర్నౌట్ తప్పులకు దారితీసిందా, తప్పు చేశామన్న బాధ బర్నౌట్‌కు దారితీసిందా అన్నది ఇలాంటి సర్వే చెప్పలేదు. రెండూ నిజమయ్యే అవకాశమే ఎక్కువ. తప్పుకు కారణం ఏమిటంటే 70 శాతానికి పైగా సర్జన్లు తమనే నిందించుకున్నారు తప్ప వ్యవస్థను కాదు.

రోగికి హాని జరిగినప్పుడు డాక్టర్ కూడా గాయపడతాడని చెబుతూ ఆల్బర్ట్ వూ అనే వైద్యుడు 2000లో ‘రెండో బాధితుడు’ అనే మాట వాడారు. ఈ మాట రోగి కుటుంబాల బాధను పలచన చేస్తుందన్న విమర్శ ఉంది, అది సమంజసమైనదే. కానీ ఆ మాట చూపే స్థితి నిజం. ఉదాహరణకు, ఒక అసోసియేట్ ప్రొఫెసర్ పేగు కోసి కలిపిన రోగికి ఐదో రోజున అతుకు లీకైంది. లీకు ఎంత నిపుణుడి చేతిలోనైనా కొందరిలో తప్పదు. రెండో ఆపరేషన్, ఐసీయూ, బంధువుల కేకలు. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. మర్నాడు ఉదయం రౌండ్స్‌లో పీజీ పొటాషియం విలువ చెప్పలేకపోయాడు. ఆయన ఆ పీజీ మీద విరుచుకుపడ్డాడు. పీజీ సాయంత్రం హౌస్ సర్జన్ మీద విరుచుకుపడ్డాడు. వెనక నిలబడి చూసిన ఎంబీబీఎస్ విద్యార్థి, సర్జన్ అంటే ఇలా ఉండాలి కాబోలు అని ఒక పాఠం నేర్చుకుంది. ఈ గొలుసులో గంటల ప్రస్తావన ఎక్కడా లేదు.

సాయం అడగడానికి సర్జన్లు పీజీల కన్నా ఎక్కువ జంకుతారు. పైన చెప్పిన సర్జన్లలోనే 6.3 శాతం మందికి ఏడాది లోపల ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. వాళ్లలో నిపుణుల సాయం తీసుకున్నవారు 26 శాతమే. లైసెన్సుకు ఇబ్బంది వస్తుందేమోనని వెనకాడామన్నవారు 60 శాతం. మన దగ్గర లైసెన్సు భయం కన్నా ‘ఫలానా సర్జన్‌కు మతి సరిగా లేదట’ అన్న మాట ఊళ్లో పాకుతుందన్న భయం ఎక్కువ. జిల్లా కేంద్రంలో నర్సింగ్ హోమ్ నడుపుకునే మనిషికి ఆ మాట జీవనాధారాన్నే తాకుతుంది. దీనికి బంధువుల దాడుల భయం తోడవుతుంది. డాక్టర్లపై దాడులను శిక్షించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి ఉంది. దాడులు ఆగలేదు.

గంటలు తగ్గితే చేయి తిరుగుతుందా

‘మా కాలంలో’ అని మొదలయ్యే వాదనను వెటకారం చేయడం తేలిక. దాని కేంద్రంలో ఉన్న ప్రశ్న మాత్రం సరైనది: సర్జరీ పుస్తకంతో రాదు, కేసులతో వస్తుంది. గంటలు తగ్గితే చేతికి అందే కేసులూ తగ్గుతాయి కదా?

బ్రిటన్‌లో ఐరోపా 48 గంటల నియమం జూనియర్ డాక్టర్లకు పూర్తిగా వర్తించాక ఈ భయం మీదే సర్ జాన్ టెంపుల్ ఆధ్వర్యంలో సమీక్ష జరిగింది. 2010లో వచ్చిన ఆ నివేదిక సారాంశం: 48 గంటల్లో మంచి శిక్షణ సాధ్యమే, అయితే శిక్షణార్థులు పర్యవేక్షణ లేని రాత్రి సేవలను మోస్తూ ఉంటే సాధ్యం కాదు. గంటలను కాక గంటల్లో ఉన్నదాన్ని చూడమని అది చెబుతోంది. మన పీజీ 88 గంటల్లో సీనియర్ పక్కన ఉండి కత్తి పట్టుకున్న సమయం ఎంత, ట్రాలీ వెనక నడిచిన సమయం ఎంత? లాగ్ బుక్‌లో ఆపరేషన్లు నమోదవుతాయి. ‘అసిస్ట్ చేశాను’ అని రాసిన ప్రతి వరసలోనూ రెట్రాక్టర్ (కోతను తెరిచి ఉంచే పరికరం) పట్టుకుని నిలబడటం తప్ప ఇంకేమైనా ఉందా అన్నది నమోదు కాదు.

ధ్యానం నేర్పితే సరిపోతుందా

చాలా కాలేజీలు ఈ సమస్యకు యోగా తరగతితో, ఒక ప్రసంగంతో బదులిస్తాయి. పీజీలకు ఇది పుండు మీద కారంలా తోచడం సహజం, ఆ తరగతికి రావడానికి కూడా డ్యూటీ వదలాలి కాబట్టి. అయినా రుజువులు వాటిని పూర్తిగా కొట్టేయవు. 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో వ్యక్తిగత శిక్షణలు, పనివేళలు సర్దడం వంటి సంస్థాగత మార్పులు రెండూ పనిచేశాయి. మొత్తం మీద బర్నౌట్ 54 శాతం నుంచి 44 శాతానికి తగ్గింది. పది పాయింట్లు తగ్గింది నిజమే, మిగిలింది 44 అన్నదీ నిజమే.

మన దగ్గర ఎందుకు కదలడం లేదు

2014కు ముందు దేశంలో 51,348 ఎంబీబీఎస్ సీట్లు, 31,185 పీజీ సీట్లు ఉండేవి. పదేళ్లలో ఎంబీబీఎస్ లక్ష దాటింది, పీజీ 70 వేలు దాటింది. తెలంగాణ ఏర్పడినప్పుడు వేళ్లమీద లెక్కపెట్టగలిగిన ప్రభుత్వ వైద్య కళాశాలలు ఇప్పుడు 30కి పైగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఒకేసారి విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో అయిదు మొదలయ్యాయి. సీటును ఒక ఉత్తర్వుతో పెంచవచ్చు. ఎంబీబీఎస్‌తో మొదలుపెడితే ఒక సర్జరీ ప్రొఫెసర్ తయారవడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది. ఈ తేడాను మోస్తున్నది ఇప్పుడున్న అధ్యాపకులు. పొద్దున ఓపీ, మధ్యాహ్నం ఓటీ, మధ్యలో క్లాసు, తనిఖీలకు కాగితాలు, సాయంత్రం సొంత ప్రాక్టీసు. అలిసిన గురువు చేతిలో అలిసిన శిష్యుడు పడటం ఇక్కడ యాదృచ్ఛికం కాదు.

రెండో కారణం డబ్బు. స్టైపెండ్‌తో దొరికే పీజీ చేసే పనిని పూర్తి జీతం ఇచ్చే వైద్యాధికారులు, నర్సులు, సహాయ సిబ్బందితో చేయించాలంటే ప్రభుత్వానికి, ప్రైవేటు కాలేజీకి కూడా ఖర్చు పెరుగుతుంది. ఆ స్టైపెండ్ కూడా సకాలంలో రాక 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు (జూనియర్ డాక్టర్లు) సమ్మెకు దిగాల్సి వచ్చింది.

మూడోది కొలత. పీజీ పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలని నిబంధన ఉంది, దాన్ని లెక్కించే ఏర్పాటూ ఉంది. గరిష్ఠంగా ఎన్ని గంటలు అన్నదాన్ని ఎవరూ లెక్కించరు. అమెరికాలో పరిమితి దాటిన కార్యక్రమం గుర్తింపు కోల్పోయే ప్రమాదం ఉంది. అక్కడి రెసిడెంట్లు గంటలు తక్కువ చేసి నమోదు చేస్తారన్న ఆరోపణ ఉన్నా, నమోదు అన్నది ఒకటుంది. మన కార్యదళం చెప్పిన 74 గంటలు సిఫార్సు మాత్రమే. దాన్ని నిబంధనగా మార్చాలంటే పీజీ నిబంధనల్లోని ‘సముచితమైన’ అన్న మాట స్థానంలో ఒక అంకె రావాలి. కాలేజీ గుర్తింపు తనిఖీలో మంచాలు, అధ్యాపకులతో పాటు డ్యూటీ రిజిస్టరు కూడా తెరవాలి. ఆ రోజు యూనిట్‌కు మిగిలే 84 గంటల పనికి బడ్జెట్‌లో ఒక పద్దు కూడా కావాలి.